ఎదుటి జట్టులో కీలక ఆటగాడు ఎవరు? ఫుట్‌బాల్ ఆటకు ముందు గణాంకాలు చదివే పద్ధతి

ఫుట్‌బాల్ ఆటకు ముందు "ఎదుటి జట్టులో ఎవరిని చూసుకోవాలి?" అని అడిగితే పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా, జయపురంలోనైనా సాధారణంగా వినిపించే జవాబు ఎక్కువ గోల్స్ కొట్టినవాడి పేరే. ఆ జవాబు కొన్నిసార్లు సరిపోతుంది. చాలాసార్లు మాత్రం గోల్ కొట్టినవాడి వెనుక అతనికి బంతి అందించే మిడ్‌ఫీల్డరో, ప్రత్యర్థి దాడిని మొదట్లోనే తుంచేసే డిఫెండరో ఉంటాడు. అతన్ని పట్టించుకోకుండా స్ట్రైకర్ ఒక్కడికే ఇద్దరిని కాపలా పెట్టిన జట్టు ఆటంతా పరుగెత్తి, తీరా దెబ్బ ఎక్కడి నుంచి తగిలిందో తెలియకుండానే మైదానం వీడుతుంది. అంకెలను ఓపికగా చదివితే ఆ అసలు ఆటగాడు ఆటకు ముందే దొరుకుతాడు.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువాళ్లకు ఈ పని రెండు రకాలుగా అవసరపడుతుంది. ఇండియన్ సూపర్ లీగ్ ఆటలను ఫోన్‌లో చూసేవారికి సోఫాస్కోర్, ఫోట్‌మాబ్ వంటి యాప్‌లలో ఒక్కో ఆటగాడి గురించి పదుల కొద్దీ అంకెలు ఉచితంగానే దొరుకుతాయి. మన ఊళ్ల మధ్య జరిగే పోటీల్లో అయితే తుది స్కోరు తప్ప మరే లెక్కా మిగలదు, అది కూడా పోటీ ముగిసిన వారానికి ఎవరికీ గుర్తుండదు. మొదటి చోట అంకెలు ఎక్కువై ఏది చూడాలో తెలియదు, రెండో చోట అంకెలే ఉండవు. రెండు చోట్లా పనికివచ్చే పద్ధతి ఒకటే కాబట్టి, ముందు పెద్ద లీగుల ఉదాహరణలతో చదవడం నేర్చుకుని, తర్వాత మన మైదానాల్లో మనమే రాసుకునే తీరుకు వద్దాం.

కీలక ఆటగాడు అంటే ఎవరో ముందే తేల్చుకోవడం మంచిది. ఎవరు లేకపోతే జట్టు తన ఆట తీరునే మార్చుకోవలసి వస్తుందో అతను కీలక ఆటగాడు. అందరికంటే నైపుణ్యం ఉన్నవాడు, అందరికంటే పేరున్నవాడు, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు అతనే కావచ్చు, కాకపోవచ్చు. యాప్‌లు ప్రతి ఆట తర్వాత పదికి ఇన్ని మార్కులని ఇచ్చే రేటింగ్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. గోల్, అసిస్ట్ (గోల్‌కు దారితీసిన ఆఖరి పాస్) వంటి కంటికి కనిపించే పనులు ఆ మార్కులను గట్టిగా పైకి లాగుతాయి కాబట్టి, రేటింగ్ చూసి ఆగిపోయినవాడు తిరిగి గోల్స్ పట్టిక దగ్గరికే చేరుకుంటాడు.

మొదట నిమిషాలు చూడండి

ఏ అంకెనైనా ఆడిన నిమిషాలతో కలిపి చూడకపోతే అది మోసం చేస్తుంది. లెక్క చాలా సులువు: గోల్స్‌ను 90తో గుణించి, ఆడిన మొత్తం నిమిషాలతో భాగించాలి. ఉదాహరణకు ఒక ఆటగాడు 1800 నిమిషాల్లో 10 గోల్స్ కొట్టాడనుకుందాం. 90 నిమిషాలకు అతని సగటు 0.5. మరొకడు తరచూ రెండో సగంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి 720 నిమిషాల్లో 6 గోల్స్ కొట్టాడనుకుంటే అతని సగటు 0.75. పట్టికలో కింద ఉన్న ఈ రెండోవాడే మైదానంలో ఉన్నంతసేపూ ఎక్కువ ప్రమాదకారి. అయితే అలసిపోయిన డిఫెండర్ల మీద ఆడటం వల్ల కూడా సబ్‌స్టిట్యూట్‌ల సగటు పెరుగుతుంది; అతనే మొదటి నిమిషం నుంచి దిగితే అదే జోరు ఉంటుందని అనుకోకూడదు.

నిమిషాలు మరో సంగతి కూడా చెబుతాయి. సీజన్ పొడవునా దాదాపు ప్రతి ఆటలోనూ పూర్తి సమయం ఆడిన ఆటగాడి పేరు గోల్స్ పట్టికలో లేకపోయినా, కోచ్ అతన్ని ఒక్కసారి కూడా తీసేయడానికి ఇష్టపడలేదన్నది పెద్ద సాక్ష్యం. కోచ్ రోజూ సాధనలో చూస్తాడు, మనకు కనిపించనిది అతనికి కనిపిస్తుంది. అందువల్ల ఏ జట్టు గురించి చదివినా ముందుగా ఎక్కువ నిమిషాలు ఆడిన ఆరుగురి పేర్లు ఒక వరుసలో రాసుకోమని నా సలహా. కీలక ఆటగాడు సాధారణంగా ఆ ఆరుగురిలోనే ఉంటాడు.

ఎన్ని నిమిషాలు చూస్తే ఒక సగటును నమ్మవచ్చు అంటే, కనీసం 900 నిమిషాలు, అంటే పది పూర్తి ఆటలు అని గణాంకాలు చూసేవారు చాలామంది అనుకుంటారు. అంతకంటే తక్కువైతే ఒక్క మంచి రోజు మొత్తం లెక్కను తలకిందులు చేస్తుంది. 1994 ప్రపంచ కప్‌లో రష్యాకు ఆడిన ఒలెగ్ సలెంకో కామెరూన్ మీద ఒకే ఆటలో 5 గోల్స్ కొట్టాడు. అంతకుముందు స్వీడన్ మీద కొట్టిన పెనాల్టీతో కలిపి 6 గోల్స్‌తో బల్గేరియాకు చెందిన హ్రిస్టో స్టొయిచ్కోవ్‌తో పాటు ఆ టోర్నీలో అగ్రస్థానంలో నిలిచాడు. అతని జట్టు మాత్రం బ్రెజిల్, స్వీడన్ చేతుల్లో ఓడి మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది. మొత్తాన్ని కాకుండా, ఏ ఆటలో ఎన్ని అని విడివిడిగా చూడాలన్నది ఇక్కడ నేర్చుకోవలసిన పద్ధతి. పది ఆటల్లో ఎనిమిది గోల్స్ కొట్టినవాడు ఏడు ఆటల్లో కొట్టాడా, బలహీనమైన రెండు జట్ల మీదే కొట్టాడా అన్నది చూస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

గోల్స్‌ను విడదీయడం

గోల్స్ సంఖ్యలోంచి పెనాల్టీలను పక్కన పెట్టడం రెండో మెట్టు. పెద్ద లీగుల్లో నాలుగు పెనాల్టీలలో సుమారు మూడు గోల్ అవుతాయి. గోల్‌కు 11 మీటర్ల దూరం నుంచి ఎవరూ అడ్డులేకుండా కొట్టే ఆ అవకాశాన్ని, ఆట నడుస్తుండగా ఇద్దరిని తప్పించుకుని కొట్టిన గోల్‌తో సమానం చేయలేం. 2022 ప్రపంచ కప్‌లో కిలియన్ ఎంబాపె 8, లియొనెల్ మెస్సి 7 గోల్స్ కొట్టారు. మెస్సి గోల్స్‌లో 4, ఎంబాపె గోల్స్‌లో 2 పెనాల్టీలు. వాటిని తీసేస్తే 3, 6 మిగులుతాయి. అయినా ఆ టోర్నీ ఉత్తమ ఆటగాడిగా మెస్సినే ఎన్నుకున్నారు. అర్జెంటీనా దాడి అతని కాలి మీదుగానే సాగింది కాబట్టి అది సబబే. పెనాల్టీలు తీసేయడం వల్ల ఆటగాడి విలువ తగ్గిపోదు, అతను ఏ పనిలో ప్రమాదకారో స్పష్టమవుతుంది. పెనాల్టీలు ఎక్కువగా వస్తున్న జట్టైతే వాటిని కొట్టేవాడికంటే సంపాదించి పెట్టేవాడు ఎవరో చూడాలి. బాక్స్‌లోకి బంతితో దూసుకొచ్చి డిఫెండర్ చేత ఫౌల్ చేయించే వింగర్ పేరు గోల్స్ పట్టికలోనూ ఉండదు, చాలాసార్లు అసిస్ట్‌ల పట్టికలోనూ ఉండదు.

యాప్‌లలో ఎక్స్‌జీ అనే పేరుతో కనిపించే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అంకె ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక్కో షాట్ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, కాలితోనా తలతోనా కొట్టారన్న వివరాలను బట్టి అది గోల్ అయ్యే అవకాశాన్ని సున్నాకూ ఒకటికీ మధ్య లెక్కగట్టి, అన్నిటినీ కూడితే వచ్చేది ఆటగాడి ఎక్స్‌జీ. గోల్స్ ఎక్స్‌జీ కంటే చాలా ఎక్కువగా ఉన్నవాడు రెండు మూడు నెలలుగా కష్టమైన షాట్లు కూడా గోల్‌గా మలుస్తున్నాడని అర్థం. ఆ జోరు ఎక్కువకాలం నిలవడం అరుదు. ఎక్స్‌జీ బాగా ఉండి గోల్స్ తక్కువగా ఉన్నవాడి గురించే నేను ఎక్కువ జాగ్రత్తపడతాను. అతను మంచి చోట్లకు చేరుతూనే ఉన్నాడు, బంతి లోపలికి పోవడం ఒక్కటే మిగిలి ఉంది.

గోల్స్ భారం ఒక్కడి మీదే ఉందా, నలుగురు పంచుకుంటున్నారా అన్నది కూడా చూడవలసిందే. 2024–25 ఇండియన్ సూపర్ లీగ్‌లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌కు ఆడిన మొరాకో ఆటగాడు అలాఎద్దీన్ అజరాయ్ 23 గోల్స్ కొట్టి లీగ్ చరిత్రలోనే ఒక సీజన్ రికార్డు నెలకొల్పాడు. అంతకుముందు రికార్డు 2017–18లో ఎఫ్‌సీ గోవాకు కోరో కొట్టిన 18 గోల్స్. అజరాయ్ వాటా అతని జట్టు గోల్స్‌లో దాదాపు సగం. ఆ సీజన్ చివరి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్‌లో జంషెడ్‌పూర్ ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా 2–0తో నార్త్‌ఈస్ట్‌ను ఇంటికి పంపింది. ఒక్కడి మీద ఆధారపడిన జట్టును ఎదుర్కోవడానికి మార్గం స్పష్టంగా ఉంటుంది. నలుగురైదుగురు నాలుగేసి గోల్స్ కొట్టిన జట్టుతో అలా కుదరదు. అక్కడ వెతకవలసింది గోల్స్ కొట్టేవారిని కాదు, ఆ నలుగురికీ బంతి ఎక్కడి నుంచి వస్తోందో దాన్ని.

బంతి ఎవరి కాలి మీదుగా పోతుంది

పాస్‌ల గురించి చెప్పే అంకెల్లో అందరూ చూసేది కచ్చితత్వం, అంటే నూటికి ఎన్ని పాస్‌లు సరిగ్గా చేరాయన్నది. నా దృష్టిలో ఇది ఆటకు ముందు చదవడానికి అన్నిటికంటే తక్కువ ఉపయోగపడే అంకె. ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు వెనుక నిలబడి ఒకరికొకరు బంతి తన్నుకుంటూ నూటికి తొంభై సాధించవచ్చు. ముందుకు, ఇరుకులోకి పాస్ వేసే మిడ్‌ఫీల్డర్‌కు నూటికి డెబ్బై ఐదు వచ్చినా అతనే ఆటను నడిపేవాడు కావచ్చు. చూడవలసినవి మూడు: మొత్తం ఎన్ని పాస్‌లు వేశాడు, వాటిలో ప్రత్యర్థి గోల్‌కు దగ్గరి మూడో వంతు మైదానంలోకి ఎన్ని చేరాయి, షాట్‌కు దారితీసిన పాస్‌లు ఎన్ని. ఈ చివరిదాన్ని యాప్‌లలో కీ పాస్ అంటారు. స్ట్రైకర్ ఆ షాట్ వృథా చేసినా పాస్ వేసినవాడి లెక్క నిలుస్తుంది కాబట్టి, అసిస్ట్‌ల కంటే ఇది నమ్మదగిన సాక్ష్యం.

ఒడిశా ప్రేక్షకులకు బాగా తెలిసిన ఉదాహరణ అహ్మద్ జాహూ. ఈ మొరాకో మిడ్‌ఫీల్డర్ గోల్స్ కొట్టేవాడు కాదు. జట్టు లోతుల్లో నిలబడి, డిఫెండర్ల నుంచి బంతి తీసుకుని, ఒక్క పొడవాటి పాస్‌తో దాడిని మరో వైపుకు తిప్పేవాడు. కోచ్ సెర్జియో లోబెరా ఎఫ్‌సీ గోవాలో ఉన్నప్పుడు జాహూ అక్కడ ఉన్నాడు, లోబెరా ముంబై సిటీకి వెళ్తే అక్కడికి వెళ్లాడు, 2023లో లోబెరా ఒడిశా ఎఫ్‌సీకి వస్తే భువనేశ్వర్‌కూ వచ్చాడు. ఒకే కోచ్ మూడు క్లబ్బుల్లోనూ ఒక ఆటగాణ్ణి వెంట ఉంచుకున్నాడంటే అతని ఆట తీరు ఎవరి మీద నిలబడి ఉందో పట్టిక చూడకుండానే చెప్పవచ్చు. అలాంటి ఆటగాడున్న జట్టుతో ఆడేటప్పుడు మన స్ట్రైకర్ మొదటి పని అతని ముందు నిలబడి డిఫెండర్ల పాస్ అతనికి చేరకుండా చూడటమే.

ఎక్కువ ట్యాకిల్స్ అంటే మంచి డిఫెండరేనా?

తప్పనిసరిగా కాదు. ట్యాకిల్స్ (ఎదుటివాడి కాలి నుంచి బంతి లాక్కోవడం), ఇంటర్‌సెప్షన్ల (పాస్‌ను మధ్యలోనే అందుకోవడం) సంఖ్య జట్టు దగ్గర బంతి ఎంతసేపు ఉంటుందన్న దాని మీద చాలా ఆధారపడుతుంది. బంతి ఎప్పుడూ ఎదుటివారి దగ్గరే ఉండే జట్టులో డిఫెండర్లకు పని ఎక్కువ, కాబట్టి అంకె కూడా పెద్దదిగానే ఉంటుంది. పైగా సరైన చోట ముందే నిలబడే డిఫెండర్‌కు ట్యాకిల్ చేయవలసిన అవసరమే తక్కువ. కాబట్టి ఒక ఆటగాణ్ణి అదే జట్టులో అదే స్థానంలో ఆడే మరొకరితోనే పోల్చాలి. వేరే తీరులో ఆడే జట్టువాడితో పోల్చకూడదు.

ఇంత జాగ్రత్త చెప్పిన తర్వాత కూడా ఒక్కోసారి ఈ అంకె నేరుగా నిజం చెబుతుంది. 2015–16లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచిన లెస్టర్ సిటీలో అందరి నోటా వినిపించిన పేర్లు 24 గోల్స్ కొట్టిన జేమీ వార్డీ, 17 కొట్టిన రియాద్ మహ్రెజ్. ఆ లీగ్ మొత్తంలో ఎక్కువ ట్యాకిల్స్, ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు చేసినవాడు మాత్రం అదే జట్టు మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటె. లెస్టర్ బంతిని ఎదుటివారికి వదిలి ఎదురుదాడి చేసే జట్టు కాబట్టి ఆ అంకెలో కొంత భాగం ఆట తీరు వల్ల వచ్చిందే. కానీ మరుసటి ఏడాది వార్డీ, మహ్రెజ్ లెస్టర్‌లోనే ఉండగా కాంటె చెల్సీకి వెళ్లాడు. 2016–17లో చెల్సీ విజేతగా నిలిచింది, లెస్టర్ 12వ స్థానానికి జారింది. ఆ జారడానికి కారణాలు ఇంకా ఉన్నా, కాంటె లేకపోవడం వాటిలో పెద్దదని ఆ ఆటలు చూసినవారు ఎవరైనా ఒప్పుకుంటారు.

గోల్‌కీపర్ విషయంలో ఎన్ని షాట్లు ఆపాడన్న దానికంటే గోల్ వైపుకు వచ్చిన వాటిలో నూటికి ఎన్ని ఆపాడన్నది చూడాలి. క్లీన్ షీట్లు, అంటే ఒక్క గోల్ కూడా ఇవ్వని ఆటలు, సగం అతనివి, సగం అతని ముందున్న డిఫెండర్లవి.

అతను లేని ఆటలు

కీలక ఆటగాణ్ణి పట్టుకోవడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే. ఆ ఆటగాడు ఆడిన ఆటల ఫలితాలు ఒక వరుసలో, గాయం వల్లనో సస్పెన్షన్ వల్లనో ఆడని ఆటల ఫలితాలు మరో వరుసలో రాసి పక్కపక్కన పెట్టాలి. మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోద్రి 2023 ఫిబ్రవరి నుంచి 2024 మే వరకు తాను ఆడిన 74 ఆటల్లో ఒక్కదాంట్లోనూ క్లబ్ ఓటమి చూడలేదు. 2024 సెప్టెంబరులో అతని మోకాలి లిగమెంట్ తెగిన తర్వాత, అంతకుముందు వరుసగా నాలుగుసార్లు లీగ్ గెలిచిన అదే జట్టు ఆ సీజన్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. గోల్స్ పట్టిక ఒక్కటే చూసేవాడికి ఆ జట్టులో ఎర్లింగ్ హాలండ్ తప్ప మరొకరు కనిపించరు.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఆడని ఆటలు రెండు మూడే ఉంటే, అవి బలమైన జట్ల మీదనో బయటి మైదానాల్లోనో జరిగి ఉంటే, ఓటములకు అతను లేకపోవడమే కారణమని చెప్పలేం. అందుకని ఫలితంతో పాటు ప్రత్యర్థి పేరు, ఆట సొంత మైదానంలోనా బయటా అన్నది కూడా పక్కన రాయాలి.

కార్డులు, గాయాలు కూడా ఇక్కడే చూసుకోవాలి. 2014 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో కొలంబియాతో ఆడుతూ బ్రెజిల్ కెప్టెన్ తియాగో సిల్వా టోర్నీలో రెండో ఎల్లో కార్డు తెచ్చుకుని సెమీఫైనల్‌కు దూరమయ్యాడు, అదే ఆటలో నెయ్‌మార్ వెన్నెముకకు గాయమైంది. సెమీఫైనల్లో జర్మనీ 7–1తో గెలిచింది. మన దగ్గరి ఉదాహరణ కావాలంటే మళ్లీ జాహూ ఉన్నాడు. 2020–21లో ముంబై సిటీ తొలి ఆటలోనే మొదటి సగంలో అతనికి రెడ్ కార్డు రావడంతో జట్టు పదిమందితో మిగిలి నార్త్‌ఈస్ట్ చేతిలో 0–1తో ఓడింది. ఆ సీజన్లో లీగ్ పట్టికలో అగ్రస్థానానికి ఇచ్చే షీల్డ్, ప్లేఆఫ్ విజేతకు ఇచ్చే కప్ రెండూ గెలిచిన జట్టు అది. ఆటను నడిపేవాడికే కోపం కూడా ఎక్కువుంటే అతని ఫౌల్స్, కార్డుల వరుసను గోల్స్ వరుసంత శ్రద్ధగా చదవాలి.

మన జట్టుతో సరిచూడటం

ఇంతవరకు తేలిన రెండు మూడు పేర్లను మన జట్టు పక్కన పెట్టి చూడకపోతే శ్రమంతా సగంలో ఆగినట్టే. వాళ్ల వింగర్ ఎడమవైపు నుంచి దాడి చేస్తాడని హీట్ మ్యాప్ (ఆటగాడు మైదానంలో ఎక్కడెక్కడ ఎక్కువగా తిరిగాడో రంగుల్లో చూపే బొమ్మ) చూపిస్తే, అతనికి ఎదురయ్యేది మన రైట్‌బ్యాక్. మన రైట్‌బ్యాక్ వేగం తక్కువవాడైతే ఆ వింగర్ రెండే గోల్స్ కొట్టినవాడైనా ఆ రోజుకు అతనే కీలక ఆటగాడు. అదే మనకు కార్నర్లలో బంతిని తలతో తరిమే పొడవాటి డిఫెండర్లు ముగ్గురు ఉంటే, హెడర్లతోనే గోల్స్ కొట్టే వాళ్ల స్ట్రైకర్ గురించి ఆందోళన కొంత తగ్గించుకోవచ్చు. 2023 సూపర్ కప్ ఫైనల్లో ఒడిశా ఎఫ్‌సీ బెంగళూరు మీద 2–1తో గెలిచినప్పుడు రెండు గోల్సూ దియెగో మౌరీసియోవే. ఆ సీజన్ లీగ్‌లో 12 గోల్స్‌తో గోల్డెన్ బూట్ పొందినవాడు కూడా అతనే. అంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడే కీలక ఆటగాడయ్యే రోజులూ ఉంటాయి, ఆ పేరును జాబితా నుంచి తీసేయమని నేను చెప్పడం లేదు.

మన మైదానాల్లో లెక్క రాసుకోవడం

గుణుపురం చుట్టుపక్కల ఊళ్లలోనో, మహేంద్రతనయకు ఇవతల పర్లాకిమిడిలోనో, అవతల పాతపట్నంలోనో జరిగే పోటీకి ఏ యాప్‌లోనూ అంకెలుండవు. అక్కడ మీరే గణాంకాలు తయారు చేయాలి. దీనికి కావలసింది ఒక రూళ్ల నోటుపుస్తకం, ఒక పెన్ను, ఇద్దరు మనుషులు. ఒకరు ఆట నుంచి కళ్లు తిప్పకుండా చూస్తూ "ఏడు, షాట్", "నాలుగు, బంతి పోగొట్టాడు" అని పైకి చెబుతుంటే రెండోవారు తల వంచుకుని రాయాలి. ఒక్కరే చూస్తూ రాయాలంటే తల దించిన ఆ రెండు క్షణాల్లోనే ముఖ్యమైనది జరిగిపోతుంది.

పేజీకి ఎడమ అంచున జెర్సీ నంబర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. పక్కన ఆరు గడులు గీయండి: షాట్, గోల్ వైపుకు వెళ్లిన షాట్, షాట్‌కు దారితీసిన పాస్, బంతి లాక్కోవడం, బంతి పోగొట్టుకోవడం, ఫౌల్. ప్రతిదానికి ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక ఐదోదాన్ని వాటి మీదుగా అడ్డంగా కొట్టేస్తే తర్వాత కూడటం సులువు. పేజీ అడుగున మైదానం బొమ్మ వేసి నిలువుగా మూడు పట్టీలు చేసి, ప్రతి దాడి ఎడమ నుంచి వచ్చిందా, మధ్య నుంచా, కుడి నుంచా అని చుక్క పెట్టండి. ఇంతకంటే ఎక్కువ గడులు పెట్టాలని ఆశపడవద్దు. పదిహేను గడులు గీసినవారి పేజీ ఇరవై నిమిషాలు గడవకముందే ఖాళీగా మిగిలిపోతుంది. మన జట్లలో తెలుగు చదివేవారు, ఒడియా మాత్రమే చదివేవారు, ఇంట్లో సవర, కువి మాట్లాడే పిల్లలు కలిసే ఉంటారు కాబట్టి నంబర్లూ గీతలూ అందరికీ ఒకేలా అర్థం కావడం ఈ పేజీకున్న పెద్ద సౌకర్యం.

మన పోటీల్లో ఒక్కో సగం 25 లేదా 30 నిమిషాలే ఉండటం మామూలు. అందుకని 90కి బదులు 60 నిమిషాల సగటు కడితే ఒక ఆటను మరో ఆటతో పోల్చడం కుదురుతుంది. ఒక్క ఆట చూసి తీర్పు చెప్పవద్దు. పోటీ మొదటి రౌండు నుంచి ఎదుటి జట్టు ఆడే రెండు మూడు ఆటలకైనా వెళ్లి రాసుకుంటే, ఎవరి నంబరు పక్కన ప్రతిసారీ గీతలు గుంపుగా పడుతున్నాయో కనిపిస్తుంది. 900 నిమిషాల నియమం ఇక్కడ పాటించలేం. ఆ కొరతను కళ్లతో చూసినదే తీర్చాలి. డిఫెండర్లు బంతి అందగానే ముందుగా ఎవరి వైపు చూస్తున్నారు, త్రో ఇన్, ఫ్రీ కిక్ వచ్చినప్పుడు ఎవరి కోసం ఆగుతున్నారు, జట్టు వెనకబడినప్పుడు ఎవరి పేరు పెట్టి అరుస్తున్నారు అన్నవి పేజీ పక్కన ఒక్కో మాటగా రాసి పెట్టుకోండి.

ఈ ప్రాంతపు పోటీల్లో మూడు చిక్కులు తప్పకుండా ఎదురవుతాయి. మొదటిది, ఒక ఆటలో 10 నంబరు వేసుకున్న కుర్రవాడు మరుసటి ఆటలో 6 వేసుకుని వస్తాడు, కొన్ని జట్లకు నంబర్లే ఉండవు. కాబట్టి నంబరు పక్కన ఎత్తు, జుట్టు, బూట్ల రంగు, ఏ కాలితో కొడతాడు అన్నది రాయాలి. ఏ కాలు అన్నది వీటిలో అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే అది మారదు. రెండోది, సెమీఫైనల్ నుంచి కొన్ని జట్లు బయటి నుంచి ఆటగాళ్లను తెచ్చుకుంటాయి. అప్పటిదాకా రాసిన లెక్క కొత్తవాడికి వర్తించదు గనుక అతను ఇంతకుముందు ఏ జట్టుకు, ఏ స్థానంలో ఆడాడో తెలిసినవారిని అడిగి తెలుసుకోవాలి. అతను రావడం వల్ల ఎవరి చోటు పోయిందో కూడా చూడాలి, ఎందుకంటే ఆ పోయినవాడే అంతవరకు జట్టును నడిపి ఉండవచ్చు. మూడోది వాన. బురదలో నేల మీద పాస్ సాగదు. ఎండలో రాసిన పాస్‌ల లెక్క వానలో పనికిరాదు. అలాంటి రోజు పొడవాటి కిక్‌లు, గాలిలో బంతిని గెలిచే బలమైన శరీరం ఉన్నవాడే కీలకం అవుతాడు.

అమ్మాయిల ఫుట్‌బాల్ చూసేవారికి ఈ నోటుపుస్తకం ఇంకా అవసరం. ఒడిశా ఎఫ్‌సీ మహిళల జట్టు 2023–24 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, 2022లో అండర్ 17 మహిళల ప్రపంచ కప్ ఆటలు భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో జరిగాయి. అయినా పురుషుల లీగుకు దొరికినంత వివరంగా అమ్మాయిల ఆటలకు అంకెలు దొరకవు. తమ జిల్లా అమ్మాయిల ఆటలను రెండేళ్లపాటు శ్రద్ధగా రాసిపెట్టిన కోచ్ దగ్గర మరెక్కడా లేని సమాచారం ఉంటుంది.

పెనాల్టీల కాగితం

నాకౌట్ పోటీలు పెనాల్టీల దాకా వెళ్లడం తరచూ జరిగేదే కాబట్టి దీనికి విడిగా ఒక చిన్న కాగితం పెట్టుకోవాలి. 2006 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనాతో 1–1తో ఆట ముగిశాక జర్మనీ గోల్‌కీపర్ యెన్స్ లేమన్ తన మేజోడులోంచి ఒక కాగితం తీసి చూసుకుంటూ నిలబడ్డాడు. గోల్‌కీపింగ్ కోచ్ ఆండ్రియాస్ కోప్కె హోటల్ కాగితం మీద పెన్సిల్‌తో రాసిచ్చిన జాబితా అది: అర్జెంటీనా ఆటగాళ్లలో ఎవరు ఏ వైపు కొడతారు అన్నది. లేమన్ రెండు పెనాల్టీలు ఆపాడు, జర్మనీ 4–2తో గెలిచింది. అతను ఆపిన చివరి పెనాల్టీ కొట్టిన ఎస్తెబాన్ కాంబియాసో పేరు ఆ కాగితంలో లేదు. అయినా లేమన్ కాగితం తీసి చూశాడు. ఎదురుగా నిలబడినవాడికి అందులో తన గురించి ఏముందో తెలియదు కదా.

మీ కాగితంలో నంబరు, ఏ కాలు, ఏ వైపు అన్న మూడు సంగతులు చాలు. ఒక్క పెనాల్టీ చూసి వైపు రాస్తే దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, మూడు చూసి మూడూ ఒకే వైపైతే గీత గీయండి. ఇది గోల్‌కీపర్‌కు ముందురోజే ఇవ్వాలి. పెనాల్టీలు మొదలయ్యే ముందు హడావిడిగా చెప్పినది అతని చెవికెక్కదు.

ఆట రోజు

ఈ అంకెలను పందాలకు వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎంత శ్రద్ధగా చదివినా అవి ఎవరిని జాగ్రత్తగా చూడాలో చెబుతాయే తప్ప ఎవరు గెలుస్తారో చెప్పవు, డబ్బు పోగొట్టుకున్న కుర్రవాళ్లు ముందుగా వదిలేసేది ఆటనే.

ఇండియన్ సూపర్ లీగ్‌లో తుది జట్టు వివరాలు ఆటకు సుమారు గంట ముందు వెలువడతాయి. మన పోటీల్లో ఎదుటి జట్టు వార్మప్‌కు దిగినప్పుడే తెలుస్తుంది. మీరు రాసుకున్న పేరు ఆ పదకొండుగురిలో ఉందా, ఉంటే అలవాటైన చోటే నిలబడ్డాడా అన్నది చూడండి. అతను లేకపోతే, అతను ఆడని ఆటల వరుస తీసి, ఆ రోజుల్లో అతని స్థానంలో ఎవరు ఆడారో చూడండి. తర్వాత మీ ఆటగాళ్లకు చెప్పవలసినది ఇద్దరి గురించి, మరీ అవసరమైతే ముగ్గురి గురించి మాత్రమే చెప్పండి. ఒక్కొక్కరి గురించి ఒక్క వాక్యం, అదీ చేయవలసిన పని రూపంలో. "వాళ్ల ఎనిమిదో నంబరువాడు షాట్‌కు దారితీసే పాస్‌లు సగటున నాలుగు వేస్తాడు" అని లెఫ్ట్ మిడ్‌ఫీల్డర్‌కు చెప్పి ప్రయోజనం లేదు. "ఎనిమిది నంబరువాడికి కుడి కాలి వైపు తిరగనివ్వకు" అంటే అతనికి చాలు, అదే మాటను పక్కనున్న ఒడియా కుర్రవాడికి ఒడియాలో మరోసారి చెప్పించండి. సగం సమయం విరామంలో నోటుపుస్తకం తెరిచి, ఆ ఎనిమిది నంబరు ఎదుట ఈ రోజు ఎన్ని గీతలు పడ్డాయో చూడండి. గీతలు తక్కువగా ఉండి అతని పక్కవాడి వరుస నిండుతుంటే, రెండో సగానికి కాపలా మార్చండి.